పదమూడు గురువారాలు

ఏప్రిల్ 9

వదినకి,

నమస్కారాలు అయ్యాక పోట్లాట. ముందే చెబుతున్నాను, కూచుని చదువు.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. మీ రేవులో సెల్లు పలకదు. ఆఫీసు లైన్లో నువ్వు దగ్గినా పదకొండు స్టేషన్లకీ వినబడుతుంది. అందుకే రీడింగు కాయితాల కోసం వచ్చే వ్యానులో ఈ కవరు పెడుతున్నాను. నువ్వు నాకు వదినవని ఇక్కడ ఎవరికీ తెలీదు. చెప్పే అవసరం ఇన్నాళ్ళూ రాలేదు.

జనవరి నుంచి నడుస్తున్న ప్రోత్సాహక పథకం నేను రాసిందే. ఏటి పొడుగునా పదకొండు స్టేషన్లు. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి మెట్లు దిగి, నీళ్ళలో నిలబెట్టిన కొలబద్ద చూసి, మట్టం ఎంతుందో కంట్రోల్ రూముకి చెప్పాలి. ఆ పదకొండు అంకెలు చూసే కదా ఆనకట్ట తలుపులు ఎత్తాలో దించాలో తేల్చేది. ఏళ్ళ తరబడి వాటిలో సగం ఖాళీలే. మనుషులకి ఉత్సాహం లేదన్నారు. నేను ఉత్సాహం పెట్టాను. ఒక్క నాగా కూడా లేని స్టేషనుకి బహుమానంగా డాలు, కోరిన చోటికి బదిలీ. అందరికంటే వెనకబడ్డ రెండు స్టేషన్లు ఆగస్టు నుంచి కాంట్రాక్టరుకి.

మూడు నెలల ఫలితాలు వచ్చాయి. ఎనిమిదో స్టేషను మీసాలాయనకి నాగా సున్నా. మిగతావాళ్ళకి ఒకటో, రెండో. మూడో స్టేషనుకి పదమూడు. అంటే నీకు. అందరికంటే అడుగున.

రెండుసార్లు లెక్కపెట్టాను. అన్నీ గురువారాలే, అన్నీ పొద్దుటి పూటలే. గురువారం పొద్దున ఏం జరుగుతోంది వదినా? ఒంట్లో బావుందా? అన్నయ్యతో ఏమైనా మాటామాటా వచ్చిందా? లేకపోతే పని మీద మనసు పోయిందా? పోయిందంటే చెప్పు, తప్పు పట్టను. తెలుసుకోవాలని ఉంది, అంతే.

నీ మరదలు

*

ఏప్రిల్ 16

పథకాల మరదలికి,

కూచునే చదివాను. మళ్ళీ లేచి నిలబడి కూడా చదివాను. రెండు విధాలా అలాగే ఉంది.

పని మీద మనసు పోయిందా అని అడిగావు. పద్నాలుగేళ్ళుగా ఈ మెట్లు దిగుతున్నాను. యాభై ఎనిమిది మెట్లు. మోకాళ్ళు పోయాయా అని అడిగితే జవాబు చెప్పేదాన్ని. మనసు ఎక్కడుందో వెతకలేదు. అది కూడా కాయితం మీద ఎక్కించాలంటే ఏ గడిలో రాయాలో నువ్వే చెప్పు.

గురువారం సంగతి గురువారమే రాశాను. పదమూడుసార్లు రాశాను. రిమార్కుల గడిలో ఉంది, చూసుకో. నీ కళ్ళకి ఆనకపోతే ఆఫీసులో చదువొచ్చినవాళ్ళ చేత చదివించుకో.

మీ అన్నయ్య మోకాలు మాత్రం నిజంగానే పోయింది. రేడియోలు బాగు చేసేవాడికి మోకాళ్ళతో పనేమిటని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడు. ఇప్పుడు బల్ల కిందికి వంగితే పైకి రాలేకపోతున్నాడు. ఈమధ్య గురువారం గురువారం డాక్టరుకి చూపిస్తున్నాం. డాక్టరు ఎంత చెప్పినా ఈయన వినడు. చెప్పినదాన్ని నాకు తిరగేసి చెబుతాడు. తలుపుకి రంగు వేస్తానని పట్టుబట్టి సగం వేశాడు. కింది సగం అలాగే ఉంది, వంగాలిగా.

అడుగున ఉన్నానన్నావు. సరే. ఏరు కూడా అడుగునే ఉంది. దానికి ఎవరూ జాబు రాయరు.

వదిన

*

ఏప్రిల్ 23

కోపాల వదినకి,

నువ్వు చెప్పకపోయినా అర్థమైపోయింది. గురువారం డాక్టరు! ఒక్క ముక్క నాకు రాసి ఉంటే పోయేదిగా. మొగుడి మోకాలు కోసం ఒక పూట నాగా పెడితే ఎవరు కాదంటారు?

సరిచేసేశాను. ఆ పదమూడు పూటలూ అనారోగ్య సెలవు కింద మార్పించాను. నిబంధనల్లో అలా చెయ్యడానికి వీలుంది, ఎవరికీ అనుమానం రాదు. సెలవు పూటలన్నీ కలిపి రెండు నాగాల కిందే లెక్క కాబట్టి ఇప్పుడు నువ్వు కింద నుంచి మూడో స్థానంలో ఉన్నావు. స్టేషను కాంట్రాక్టరుకి పోదు. కాస్త నవ్వు.

ఇక రిమార్కుల గడి. కొత్త కాయితంలో అది లేదు వదినా, నేనే తీసేశాను. మీకు వచ్చేవి పాత కాయితాలే, స్టాకు అయ్యేదాకా అవే వాడమన్నాను. ఇక్కడ అంకెలొక్కటే కంప్యూటరులోకి ఎక్కిస్తారు. కాయితాలు కట్టకట్టి రికార్డు గదిలో పడేస్తారు. ఆ గడిలో ఎవరైనా ఏమైనా రాస్తారని నాకు తట్టనే లేదు.

అన్నయ్యని తలుపు జోలికి వెళ్ళొద్దను.

నీ మరదలు

*

ఏప్రిల్ 30

అమ్మడూ,

నవ్వలేదు.

నేను సెలవులో ఉన్నానని రాయించావు. నేను సెలవులో లేను. పదమూడు గురువారాలూ పొద్దున ఆరింటికి మెట్ల మీదే ఉన్నాను. డాక్టరు దగ్గరికి వెళ్ళేది సాయంత్రం రీడింగు అయ్యాక. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. అంతలోనే కథ అల్లేసి సంతకం కూడా పెట్టించావు. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టుంది నీ సాయం.

విను. పై రేవు డిసెంబరులో కూలిపోయింది. అప్పట్నుంచి సరుకుల పడవ నా రేవుకే వస్తోంది. బుధవారం చీకటి పడ్డాక వచ్చి, గురువారం పది దాటాక కదులుతుంది. దాన్ని కట్టే ఇనుప కడియం కొలబద్దకి ఆనుకునే ఉంది. పడవ ఒళ్ళంతా కొలబద్దకి అడ్డం. వంగి చూశాను, బోర్లా పడుకుని చూశాను. పడవవాళ్ళు కూడా పాపం వాసాలతో నెట్టి చూశారు. ఒక్క అంకె కూడా కనబడదు. అందుకే "పడవ అడ్డం, కనబడలేదు" అని రాశాను. పడవ కదిలాక చూసింది పక్కన రాశాను. కడియం నాలుగు గజాలు అవతలికి మార్చండని మూడు అర్జీలు పెట్టాను. గోడకి చెప్పుకున్నా ఈపాటికి పెచ్చయినా రాలేది.

ఇంకో మాట. నేను పైకొచ్చానంటే నా బదులు ఎవరో కిందికి దిగారన్నమాట. ఎవరు? వాళ్ళకి మరదలు ఉందా?

ఆ సెలవు తీసెయ్యి. ఉన్నదాన్ని లేనని రాయించుకుని ఉద్యోగం నిలబెట్టుకోను.

వదిన

*

మే 14

వదినకి,

సెలవు తీసేయించాను. నువ్వు మళ్ళీ అడుగుకి దిగావు. పైకొచ్చింది అయిదో స్టేషను.

కిందటి వారం జాబు రాయలేదు, రికార్డు గదిలో ఉన్నాను. నీ గురువారాల కోసం వెళ్ళి, నీ పద్నాలుగేళ్ళూ చదివి వచ్చాను. కిటికీ లేని గది, ఒక బల్బు, తుమ్ములు. నువ్వు రాసినవి నీకైనా గుర్తున్నాయా? "అంకె మీద పాచి, గీకి చూశాను." "అల ఎక్కువ, మూడుసార్లు చూసి నడిమిది రాశాను." "కొలబద్ద ఒక వేలు మందం ఒరిగింది, తొమ్మిదో తారీకు నుంచి అన్నిట్లో ఒక సెంటీమీటరు తగ్గించుకోగలరు." ఆ ఒక సెంటీమీటరు ఎవరూ తగ్గించుకోలేదు వదినా. నీ అర్జీలు కూడా దొరికాయి. ఒకదాన్ని నాలుగుగా మడిచి కుర్చీ కాలి కింద పెట్టారు.

తర్వాత మిగతా స్టేషన్లవి కూడా తీశాను. కిందటేడాది దాకా అందరి గడుల్లోనూ ఏదో ఒకటి ఉంది. జ్వరం, వాన, పాము. జనవరి నుంచి నీది తప్ప ఎవరిదీ లేదు. పథకం పెట్టగానే జ్వరాలు, వానలు, పాములు అన్నీ మాయమైపోయాయా అనిపించింది.

అసలు సంగతి ఇంకా ఉంది. నీకు కొత్త కొలబద్ద ఒకటి పంపిద్దామని స్టోరుకి వెళ్ళాను, కడియానికి ఇవతల పెట్టుకుంటావని. స్టోరాయన గోడకి ఆనించి ఉన్నదాన్ని చూపించి, "ఇదొక్కటే ఉందమ్మా, కానీ ఇది ఎనిమిదో స్టేషనుది. రంగు వెయ్యడానికి వచ్చింది" అన్నాడు. ఎప్పుడొచ్చిందని అడిగితే రసీదు తీశాడు. ఫిబ్రవరి రెండు.

మూడు నెలలు దాటింది. కొలబద్ద స్టోరులో ఉంది. ఎనిమిదో స్టేషను నుంచి రోజుకి రెండు రీడింగులు వస్తూనే ఉన్నాయి, ఒక్కటి తప్పలేదు. డాలు ఆయన చేతికిచ్చింది నేను. ఫొటోలో నవ్వుతూ ఉన్నాను.

ఇప్పుడు పెద్దసారుకి చెప్పాలి. చెబితే ఆయన ఉద్యోగం పోతుందేమో. చెప్పకపోతే వానలు మొదలవుతాయి. ఆ అంకె నమ్మి తలుపులు ఎత్తకపోతే గట్టు కింది వీధుల్లోకి నీళ్ళొస్తాయి.

నాకో సందేహం. ఎవరూ చదవని గడిలో పద్నాలుగేళ్ళు ఎందుకు రాశావు? డాలు లేదు, మెప్పు లేదు, అడిగినవాళ్ళు లేరు. నా పథకంలో నీలాంటి మనిషికి చోటే లేదు. ఎలా పెట్టాలో తెలీడం లేదు.

నీ మరదలు

*

మే 21

అమ్మడూ,

కుర్చీ ఇప్పుడు కదులుతోందా? మడత తీసేశావుగా.

మీసాలాయన సంగతి చదివి పొయ్యి మీద పాలు మర్చిపోయాను. తొందరపడకు. నాకు పని నేర్పింది ఆయనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండు నెలలు ఎనిమిదో స్టేషనులోనే ఉన్నాను. నీళ్ళు ఆడుతుంటే అంకె ఎలా పట్టుకోవాలో ఆయన చూపించాడు. ఒడ్డు మీద నిలబడి చూస్తే తప్పొస్తుంది, నీళ్ళ ఎత్తుకి కన్ను దించాలి అని, తెల్లబట్టల్లో బురదలో కూచుని చూపించాడు.

అలాంటివాడు ఇలా చేశాడంటే ఏదో ఉంటుంది. పెద్దసారుకి చెప్పొద్దని అనను. చెప్పేముందు ఆయన్ని అడుగు. నన్ను అడక్కుండా సెలవులో పెట్టావే, ఆ పని ఆయనకి చెయ్యకు.

నీ సందేహానికి జవాబు: పెన్నులో సిరా ఎక్కువైంది, రాశాను.

మీ అన్నయ్య తలుపు కింది సగానికి నన్ను రంగు వెయ్యమంటున్నాడు.

వదిన

*

జూన్ 11

ఆఫీసరు గారికి,

రెండు వ్యానులు వచ్చి వెళ్ళాయి, నీ జాబు లేదు. వార్త మాత్రం లైన్లో వచ్చింది. ఎనిమిదో స్టేషనాయన్ని సస్పెండు చేశారట. అదే పూట మూడో స్టేషను కాంట్రాక్టరుకి వెళ్ళడం లేదని ఆర్డరు కూడా వచ్చిందట.

సాయంత్రం నా రీడింగు చెప్పాను. నేను నోరు తెరవగానే లైనంతా చప్పబడిపోయింది. మామూలుగా ఎవరో ఒకరు మీ ఆయన మోకాలు ఎలా ఉందని అడుగుతారు. ఎవరూ అడగలేదు. ఫోను పెట్టెయ్యబోతుంటే ఒక గొంతు వినబడింది, ఎవరిదో చెప్పను. "మరదలు వదినని కాపాడుకుంది. మీసాలాయనకి ఎవరున్నారు?"

నువ్వు ఎవరికీ చెప్పలేదన్నావు. మరి అందరికీ ఎలా తెలిసింది?

ఆయన్ని అడగమన్నాను. అడిగావా?

మూడో స్టేషను రీడరు

*

జూన్ 18

వదినా,

రీడరు అని రాశావు. రెండు రోజులు ఆ ముక్క వంకే చూశాను. నాకు మాత్రం నువ్వు వదినవే. జరిగింది జరిగినట్టు రాస్తాను, తర్వాత నీ ఇష్టం.

అడిగాను. మే నెలాఖరున రెండు బస్సులు మారి ఎనిమిదో స్టేషనుకి వెళ్ళాను. ఆయన గదిలో డాలు గోడ వైపు తిప్పి ఉంది. ఎందుకొచ్చానో చెప్పకముందే కుర్చీ వేశాడు.

"కొలబద్ద గురించేగా?" అన్నాడు.

"అవునండీ. స్టోరులో చూశాను."

"బావుందా? రంగు వేశారా?"

"లేదండీ."

"ఏడుసార్లు అడిగానమ్మా పంపించమని. మొదటివారం స్తంభానికి సుద్దతో గీతలు గీసి చూశాను. నీళ్ళు వాటికంటే దిగిపోయాయి. ఆ పూట నాగా రాద్దామని కూచున్నాను. మీ కాయితం వచ్చింది, జనవరిలో ఒక్క నాగా లేని స్టేషను ఎనిమిదొక్కటే, ఇలాగే కొనసాగించండి అని. దాన్ని పక్కన పెట్టుకుని నాగా ఎలా రాయను? లైన్లో ఏడో స్టేషను అంకె విని, ఓ పది సెంటీమీటర్లు తీసేసి చెప్పాను. మర్నాడూ అంతే. తర్వాత అలవాటైపోయింది."

"ఎవరికైనా చెప్పాల్సింది కదండీ."

"ఎవరికి? అబద్ధం మొదలెట్టాక మీ ఆఫీసు నుంచి మెచ్చుకోళ్ళు వచ్చాయి. ముప్పై ఏళ్ళు నిజం రాశాను. అప్పుడు ఒక్క ఉత్తరమూ రాలేదు."

నేను రిపోర్టు రాయక తప్పదని చెప్పాను. ఆయన కాయితం తీసుకుని, నాకంటే ముందే తన సంగతి తనే రాసిచ్చాడు. తప్పు ఒప్పుకున్నాడు, సాకు ఒక్కటీ చెప్పలేదు. "వానలు మొదలయ్యేలోగా కొలబద్ద పంపించండి" అని మాత్రం కింద గీత గీసి రాశాడు.

ఆ కాయితం, నా కాయితం రెండూ పెద్దసారు బల్ల మీద పెట్టాను. నిదానంగా చదివాడు.

"ఈ పథకం ఎవరిది?"

"నాదే సార్."

"మూడో స్టేషను పదమూడు నాగాలు సబబే అని రాశారు. ఆవిడ ఎవరు?"

"ఆవిడా నా మనిషే సార్. మా వదిన."

ఆ మాట అప్పుడు చెప్పకపోతే తర్వాత ఎప్పుడు చెప్పినా తప్పే అవుతుంది వదినా. గది తలుపు తెరిచి ఉంది. లైన్లోకి అలా పాకింది. నిన్ను కాపాడలేదు. పథకమే ఆపేశారు, అందుకే కాంట్రాక్టరు మాట పోయింది, నీదొక్కటే కాదు, నీతోపాటు అడుగున ఉన్న ఇంకో స్టేషనుది కూడా. నీ ఆర్డరు ముందు టైపయ్యింది, అంతే. లేని కొలబద్ద చూసి అంకె రాసినందుకు మీసాలాయనకి నలభై అయిదు రోజుల సస్పెన్షను. అంతకు మించి ఏమీ వద్దని నేనూ, పెద్దసారూ అనుకున్నాం. నాకు మెమో ఇచ్చారు. కడియం మార్చమని కూడా ఆర్డరు వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు మార్చలేదని ఆరా తీస్తే, ఏ సెక్షను చూసుకోవాలో తేలకే ఆగిందట.

ఈ నలభై అయిదు రోజులూ ఎనిమిదో స్టేషను ఎవరు చూస్తారని పెద్దసారు అడిగాడు. చెయ్యెత్తాను. "మీరా?" అన్నాడు. మూడేళ్ళుగా రీడింగుల గురించి నివేదికలు రాస్తున్నాను సార్, ఒక్క రీడింగు కూడా తియ్యలేదు అన్నాను. కొలబద్ద వ్యానులో నాతోపాటే వస్తోంది.

జాబు రాయనందుకు మన్నించు. ఏం తేలకుండా నీకేం రాయాలో తెలీలేదు.

నీ మరదలే

*

జూన్ 25

ఎనిమిదో స్టేషను రీడరుకి,

మొన్నటి జాబు నేను రాయకుండా ఉండాల్సింది. మనిషిని అడక్కుండా తేల్చెయ్యొద్దని నీకు చెప్పి, నేనే ఆ పని చేశాను. తప్పు నాది. మీ అన్నయ్య రెండు రోజులుగా ఈ మాటే అంటున్నాడు. ఆయన అన్నది నిజం కావడం నాకు బొత్తిగా నచ్చదు.

నువ్వడిగిన దానికి సిరా కబుర్లు చెప్పాను. ఇప్పుడు నిజం చెబుతాను. మీ అన్నయ్యకి కూడా తెలీదు.

ఉద్యోగంలో రెండో నెల. నువ్వు ఇప్పుడున్న ఆ గదిలోనే. మీసాలాయన ఊరికెళ్ళాడు, నేనొక్కదాన్నే. పొద్దున ముసురు, మెట్లన్నీ జారుడు. దిగబుద్ధి కాలేదు. కిటికీలోంచి చూసి ఒక మీటరు ఎనభై అని చెప్పేశాను. సాయంత్రం దిగి చూస్తే ఒక మీటరు పది. డెబ్భై సెంటీమీటర్లు తప్పు. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఎవరో ఫోను చేస్తారు, ఎవరో జీపులో వస్తారు అని మూడు రోజులు అన్నం సయించలేదు. ఎవరూ రాలేదు. తలుపులు వాటి దారిన అవి ఎత్తారు, దించారు. ఏమీ కాలేదు.

ఏమీ కాకపోయేసరికే నాకు భయమేసింది అమ్మడూ. నేను తప్పు చెప్పినా ఏమీ కాకపోతే, ఒప్పు చెప్పినా ఏమీ కానట్టేగా. మరి రోజూ ఇన్ని మెట్లు దిగి ఎక్కేది దేనికి?

మీసాలాయన తిరిగొచ్చాక చెప్పాను. తిట్టలేదు. ఆ రోజు కాయితం తీసి రిమార్కుల గడి చూపించాడు. "ఇందులో రాయి, చూడలేదు అని" అన్నాడు. ఎవరు చదువుతారండీ అన్నాను. "ఎవరూ చదవరు. కానీ పక్క గడిలో అంకె వేసేటప్పుడు నీ చెయ్యి వణకదు" అన్నాడు. రాశాను. నిజంగానే రాత్రి నిద్రపట్టింది. అప్పట్నుంచీ రాస్తున్నాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందేమో, నాకు తెలీదు. నీ పథకంలో దీన్ని ఎక్కడ పెడతావో అది నీ తిప్పలు.

అదే మనిషి ఇలా అయిపోయాడే అని బాధగా ఉంది. కిందటి వారం ఆయనకీ జాబు రాశాను. మీ ఆఫీసు ఉత్తరం కాదు, ఉత్త ఉత్తరం.

కింది పది మెట్లు నమ్మకు. చెప్పులు విప్పి దిగు.

వదిన

*

జూలై 9

వదినకి,

చెప్పులు విప్పే దిగుతున్నాను. అయినా రెండుసార్లు పడ్డాను. అవి కాయితంలో రాశాను, ఎందుకైనా మంచిదని.

నువ్వు ఇవాళ పొద్దున లైన్లోనే ఉన్నావు, అంతా విన్నావు. దానికి ముందు ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలీదు కదా, అది చెప్పడానికే రాస్తున్నాను.

రాత్రంతా రేకుల మీద వాన. తెల్లవారుజామున ఎప్పుడో కన్ను మూతపడింది. లేచి చూసేసరికి ఆరూ నలభై, అంకెలు చెప్పే వేళ. కంట్రోల్ రూము అమ్మాయి అప్పటికే పిలవడం మొదలెట్టింది. "ఒకటి... రెండు..." నీ గొంతు వినబడింది, "మూడు, చూశానమ్మా, ఒకటి తొంభై అయిదు." నా వంతుకి ఇంకా నాలుగు స్టేషన్లు. దిగి చూసి రావడానికి పావుగంట పడుతుంది. చేతిలో పెన్సిలు ఉంది. నిన్న సాయంత్రం రెండు నలభై. రాత్రి వాన, ఓ పదిహేను కలపొచ్చు. ఏడో స్టేషను చెప్పేది వింటే ఇంకా దగ్గరగా వస్తుంది. వదినా, లెక్క నా తలలో దానంతటదే నడిచిపోయింది, నేను అడక్కుండానే. రెండు యాభై అయిదు. రాసేశాను కూడా. చూడ్డానికి ఎంత బావుందో. మీసాలాయన అలవాటైపోయింది అన్నప్పుడు నాకు పూర్తిగా అర్థం కాలేదు. అలవాటు పడ్డానికి ఒక్క పూట చాలు.

"ఎనిమిది?"

తర్వాతది నువ్వు విన్నదే. "నాగా. నిద్రపోయాను" అన్నాను. పథకం రాసిన మనిషిని, నాగాలకి శిక్ష పెట్టిన మనిషిని, పది స్టేషన్లు వింటుండగా. ఆ అమ్మాయి, "మేడం, నిద్రపోయాను అనే రాయమంటారా?" అని అడిగింది. అలాగే రాయమ్మా అన్నాను. తొమ్మిది చెప్పారు, పది చెప్పారు, పదకొండు చెప్పారు. నేను పెట్టెయ్యబోతున్నాను.

అప్పుడు ఆరో స్టేషనాయన, "అమ్మా, ఆరు మళ్ళీ మాట్లాడుతున్నాను. ఇందాక నేను చెప్పింది కొట్టెయ్యండి" అన్నాడు.

"కొట్టేసి ఏం రాయనండీ?"

వాన చప్పుడొక్కటే వినబడింది, ఆయన వైపుదో నా వైపుదో తెలీలేదు.

"వాన. దిగలేదు. అది నిన్నటి అంకె."

ఆ అమ్మాయి రాసుకుంటుంటే పెన్ను గీసుకునే చప్పుడు కూడా విన్నాను. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఫోను పెట్టలేదు. ఆమె నెమ్మదిగా, "అయితే పదకొండింట్లో తొమ్మిదే ఉన్నాయి. పెద్దసారుకి ఏం చెప్పను?" అంది. అప్పుడు నువ్వు, "తొమ్మిది ఉన్నాయని చెప్పు తల్లీ" అన్నావు.

ఏడింటికి దిగి చూశాను. రెండు మీటర్ల డెబ్భై ఒకటి. నా లెక్క పదహారు సెంటీమీటర్లు తప్పింది. వెంటనే కంట్రోల్ రూముకి చెప్పాను, తొమ్మిదింటికి ఒక తలుపు ఎత్తారట.

సాయంత్రం అయిదున్నరకే వెళ్ళి మెట్ల మీద కూచున్నాను. వాన తెరిపిచ్చింది. నీళ్ళ ఎత్తుకి కన్ను దించితే చీర సగం తడిసింది. అల ఆడుతోంది, మూడుసార్లు చూసి నడిమిది తీసుకున్నాను. రెండు అరవై రెండు. వ్యాను రేపు పొద్దున వస్తుంది, ఇది కవరులో పెట్టి పడుకుంటాను. అలారం గడియారం ఒకటి అన్నయ్య దగ్గర ఉంటే పంపించమని చెప్పు.

నీ మరదలు
ఎనిమిదో స్టేషను